శనివారం జీవాలు, సోమవారం చింతపండు

ఆ ఏడు వాన ఎట్లా పడిందో తెలుసుకోవడానికి అనంతపురంలో పొలాల వెంట తిరగనక్కర్లేదు. సంతకు ఏం తోలుకొచ్చారో చూస్తే చాలు.

అనంతపురం వైపు గొర్రెలకూ మేకలకూ కలిపి ఒకటే పేరు: జీవాలు. ఆవులు, ఎద్దులు, ఎనుములు పశువులు. ఇవి మాత్రం జీవాలు. పెళ్లి సంబంధం మాట్లాడటానికి వచ్చిన పెద్దమనిషి ‘జీవాలెన్నుండాయప్పా మీకు?’ అని అడిగాడంటే, ఇంట్లో నిల్వ ఎంతుందని అడిగినట్టు. వాన మోసం చేస్తే అమ్ముకోవడానికి ఏం మిగిలుందని అడిగినట్టు.

ఆ నిల్వను నగదు చేసుకునే చోటు అనంతపురం మార్కెట్ యార్డు. శనివారం జీవాల సంత, ఆదివారం పశువుల సంత. దూరపు ఊళ్లవాళ్లు శుక్రవారం రాత్రికే బయల్దేరతారు. వెనకటి రోజుల్లో మందను నడిపించుకుంటూ వచ్చి, దారిలో ఎవరి చేనులోనో రాత్రికి మంద కట్టి, ఆ ఎరువుకు బదులుగా ఆ రైతు ఇంట్లో సంగటి తిని, పొద్దున్నే మళ్లీ నడిచేవాళ్లు. ఇప్పుడన్నీ పికప్ బండ్లే. ఒకటో రెండో అయితే ఆటో. వెనక సీట్లో మనిషి, కాళ్ల దగ్గర మేకపోతు.

చీకటి ఉండగానే చేరితే మొదట వినబడేది అరుపులు. తల్లిని వెతుక్కునే పిల్ల అరుపు వేరు, కొత్త మందలో ఇరుక్కున్న పొట్టేలు అరుపు వేరు. కాసేపటికి రెండిటికీ తేడా తెలిసిపోతుంది. తర్వాత వాసన. ఆ తర్వాత సెల్‌ఫోన్ లైట్లు. ఒక్కో లైటూ ఒక్కో గొర్రె నోట్లోకి చూస్తూ ఉంటుంది.

గొర్రెకు పుట్టిన తేదీ రాసిన కాగితం ఉండదు కదా, పళ్లే కాగితం. పై దవడకు ముందు పళ్లుండవు, కింది దవడకు ఎనిమిది. పాలపళ్లు ఊడి మధ్యలో రెండు పెద్ద పళ్లు మొలిస్తే ఏడాది దాటి ఏడాదిన్నర అయినట్టు. ఆ తర్వాత నాలుగు, ఆరు, ఎనిమిది. ఎనిమిదీ వస్తే నోరు నిండినట్టే, ఇక వయసు పెరిగేకొద్దీ పళ్లు అరగడమో ఊడటమో తప్ప కొత్తవి రావు. అందుకే సంతలో ‘వయసెంత?’ అని ఎవరూ అడగరు. ‘ఎన్ని పండ్లు?’ అంటారు. అమ్మేవాడు నాలుగంటే కొనేవాడు నమ్మడు, పెదవి పైకెత్తి తానే చూసుకుంటాడు.

కాటా కనబడదు. నడుము మీద నాలుగు వేళ్లు పెట్టి నొక్కుతారు, తొడ పట్టి చూస్తారు, చంకల కింద చెయ్యేసి లేపి దించుతారు. అంతే, ‘పన్నెండు కిలోల కూర పడుతుంది’ అని తేల్చేస్తారు. కోసి తూచినప్పుడు అటూ ఇటూగా అంతే పడుతుందని కసాయి పనివాళ్లు ఒట్టేసి చెబుతారు. నాకైతే అది కొంచెం ఎక్కువ చేసి చెప్పినట్టే అనిపించింది గానీ, బెంగళూరు నుంచీ హైదరాబాదు నుంచీ వచ్చే కొనుగోలుదారులు లక్షల సరుకును ఆ నాలుగు వేళ్ల మీదే కొంటున్నారు. నా అనుమానానికి విలువేముంది?

తువ్వాలు చాటు లెక్క

పాత తరం దళారులు ధర పైకి చెప్పరు. అమ్మేవాడి చేతి మీద తువ్వాలు కప్పి దాని కింద వేళ్లు పట్టుకుంటారు. ఒక వేలంటే ఒకటి, అయిదు వేళ్లు కలిపి పట్టుకుంటే అయిదు. అవి వందలా వేలా అన్నది సరుకును బట్టి ఇద్దరికీ ముందే తెలుసు. పైకి మాటలు మాత్రం వానల గురించో, ఎవరింటి పెళ్లి గురించో నడుస్తుంటాయి. చుట్టూ పది మంది నిలబడి చూస్తున్నా బేరం ఆ ఇద్దరికే తెలుస్తుంది. వేళ్లు నచ్చకపోతే చెయ్యి లాక్కుంటారు. కాసేపు అలిగినట్టు నిలబడతారు. దళారి మళ్లీ తువ్వాలు దులుపుతాడు.

చదువుకున్నవాళ్లకు ఇదంతా దొంగ వ్యవహారంలా కనబడుతుంది. పక్కవాడికి ధర తెలియకపోవడం రైతుకు నష్టమే, నిజం. కానీ అందులో ఒక మర్యాద కూడా ఉంది. ఇంట్లో జబ్బుచేసిన మనిషి కోసం అమ్ముకునేవాడు ఎంత తక్కువకు దిగాడో ఊరివాళ్లకు తెలియకుండా తువ్వాలు కాపాడుతుంది. సంతలో సగం మంది సొంత ఊరివాళ్లే ఉంటారు మరి.

ఇప్పటి కుర్రవాళ్లకు అంత ఓపిక లేదు. నోటితోనే బేరం.

‘ఎంతకిస్తావ్ మామా, చెప్పు.’

‘నువ్వే అడుగప్పా. కొనేటోనివి నువ్వు.’

‘పద్నాలుగు.’

‘పిల్లప్పట్నుంచి సాకినా. పద్నాలుగుకు తోలు కూడా రాదు, పో.’

పోతాడు. పది అడుగులు వేసి వెనక్కి తిరుగుతాడు. ఆ పది అడుగులూ బేరంలో భాగమే. మామ వాడి వైపు చూడడు, చూస్తే అయిదొందలు తగ్గినట్టే. చివరికి ఎక్కడో కుదురుతుంది. బయానా చేతిలో పడుతుంది, జీవం వీపు మీద రంగుతో గుర్తు పడుతుంది. కూరగాయల సంతలో ఇప్పుడు ప్రతి గంప పక్కనా ఫోన్‌తో చెల్లించే క్యూఆర్ అట్ట నిలబెట్టి ఉంటోంది గానీ, జీవాల దగ్గర ఇంకా నోట్లే. రెండుసార్లు లెక్కపెట్టి, లోపలి జేబులో పెట్టుకుని, పైనుంచి చేత్తో తడిమి చూసుకుంటే తప్ప అమ్మినట్టు అనిపించదు.

అమ్మాక మాత్రం చాలామంది ఆ గొర్రె వైపు మళ్లీ చూడరు. తాడు విప్పి చుట్టుకుంటారు. తాడు అమ్మే ఆచారం లేదు, ఇంటికి పట్టుకుపోవాల్సిందే.

వాన పుస్తకం

అనంతపురానికి ఏడాదిలో పడే వాన సగటున 550 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఇదొకటి. నైరుతి మేఘాలు పడమటి కనుమల మీదే సగం ఖాళీ అవుతాయి, ఈశాన్యం నుంచి వచ్చేవి ఇంత లోపలికి చేరేసరికి అలిసిపోతాయి. మధ్యలో పీఠభూమి, ఎర్రమట్టి, గుండ్లు. ఆ ఎర్రమట్టిలో దశాబ్దాలుగా లక్షల ఎకరాల్లో వేసింది ఒకటే పంట: వేరుశనగ. దాన్ని ఇక్కడ బుడ్డలంటారు. కదిరి వ్యవసాయ పరిశోధన కేంద్రం ఊరి పేరుతోనే రకాలు వదిలింది. కదిరి-3 నుంచి కదిరి లేపాక్షి దాకా రైతులు వాటిని ఇంటి మనుషుల్లా పేరుపెట్టి పిలుస్తారు.

సంతకూ వేరుశనగకూ సంబంధం ఏమిటని అడగొచ్చు. కాయ మనిషికి, కట్టె పశువుకు. కాయలు కోసుకున్నాక మిగిలే ఆ ఎండు కట్టే ఏడాది పొడుగునా ఎద్దులకు మేత. విత్తనం పడ్డాక, ఊడలు దిగే సమయంలో మూడు వారాలు వాన ముఖం చాటేస్తే కాయ పోతుంది, కట్టె కొంత మిగులుతుంది. అసలు విత్తనమే పడకపోతే కాయా లేదు, కట్టే లేదు. అప్పుడు రైతు ముందు ఎద్దులను సంతకు తోలతాడు. పక్క ఊరి రైతూ ఆ వారమే తోలతాడు. మేత లేనప్పుడు ఎవరికీ లేదు కదా. అమ్మేవాళ్లు వందల్లో, కొనేవాళ్లు వేళ్ల మీద. నిన్నటి దాకా ఇంటికి దీపంలా ఉన్న కాడెద్దులు ఎంతకడిగితే అంతకు పోతాయి. తర్వాతి ఏడు వాన పడితే అదే రైతు దుక్కికి ఎద్దుల కోసం అదే సంతకు వస్తాడు. అప్పుడు కొనేవాళ్లు వందల్లో.

కరువు అంటే వాన పడకపోవడమని పుస్తకాల్లో ఉంటుంది. సంతలో చూస్తే కరువు అంటే అందరూ ఒకేరోజు అమ్మడానికి రావడం, అందరూ ఒకేరోజు కొనడానికి రావడం. రెండుసార్లూ రైతే తప్పుడు వైపు నిలబడి ఉంటాడు.

జీవాల కథ కొంచెం నయం. గొర్రె నడుస్తుంది. ఇక్కడ మేత లేకపోతే కురుబలూ గొల్లలూ మందలను తుంగభద్ర కాలువల కిందికి, ఇంకా దిగువకు తోలుకుపోతారు. రెండేళ్లు ఎద్దును బతికించలేని బీడు మీద గొర్రె గడ్డిమొక్కలు కొరుక్కుని బతుకుతుంది. అందుకే సేద్యం సన్నగిల్లేకొద్దీ ఈ నేలలో మందలు పెరిగాయి. అమ్మకానికీ వీలు ఎక్కువ: ఎద్దులో సగం అమ్మలేం, మందలో రెంటిని అమ్ముకోవచ్చు. పిల్ల కాలేజీ ఫీజుకు ఒకటి, ఆసుపత్రికి రెండు, బోరు వేయించడానికి పది. ఆ పదీ పెట్టి వేసిన బోరులో నీళ్లు పడకపోతే ఏం చేస్తారన్నది ఎవరినీ అడగలేకపోయాను.

తొలకరి పడిన మరుసటి శనివారం యార్డు ముఖమే మారిపోతుంది. పచ్చిక లేచిందని అందరూ పిల్లలు కొనడానికి వస్తారు. బక్రీదు ముందు వారాలు ఇంకో తంతు: కొమ్ములు తిరిగిన పొట్టేళ్లకు నూనె రాసి, మెడలో పూసలు కట్టి, పెళ్లికొడుకుల్లా నిలబెడతారు. ఆ రోజుల్లో బేరంలో అమ్మేవాడి గొంతు కొంచెం పెద్దగా వినబడుతుంది. ఏడాదిలో అలాంటి శనివారాలు ఎన్నో ఉండవు.

వారం పేరుతో ఊరు

సంత అన్న మాట కన్నడంలో సంతె, తమిళంలో చందై. అంగడి కూడా మూడు భాషల్లోనూ ఉంది. తెలంగాణలో వారపు సంతనే అంగడి అంటారు, అనంతపురంలో అంగడంటే రోజూ తెరిచి ఉండే దుకాణం. హిందూపురం పక్కన సంతేబిదనూరు ఉంది. ప్రకాశం వైపు సంతనూతలపాడు, శ్రీకాకుళం వైపు సంతబొమ్మాళి. మదనపల్లె దగ్గర ఏకంగా అంగళ్లు అనే ఊరే ఉంది. హైదరాబాదులో గురువారం పేరు పెట్టుకున్న జుమేరాత్ బజారు ఉంది. ఊరు పుట్టాక సంత పెట్టారా, సంత పెట్టాక ఊరు పుట్టిందా అంటే చాలాచోట్ల రెండోదే నిజం కావచ్చు.

మొరాకోలోనూ ఇదే తీరు. అక్కడ సూక్ ఎల్ అర్బా అనే పట్టణం ఉంది, బుధవారం సంత అని దానర్థం. ఖెమిసెత్ అనే ఇంకో పట్టణం గురువారం పేరు మీద వెలిసింది. సూక్ అంటే మనకు సినిమాల్లో చూసిన కప్పు కింది సందులు, దీపాలు, తివాచీలు గుర్తొస్తాయి. కొండల నడుమ పల్లెల్లో మాత్రం సూక్ అంటే వారానికోసారి ఖాళీ మైదానంలో గాడిదలూ గొర్రెలూ దిగే చోటు. అనంతపురం మనిషిని తీసుకెళ్లి అక్కడ నిలబెడితే భాష రాకపోయినా నేరుగా గొర్రె పళ్లు చూడటానికి పోతాడు.

భాష కూడా పూర్తిగా రాదనుకోనక్కర్లేదు. యార్డులో మూటలు మోసే హమాలీ, బేరం కుదిర్చే దళారి, చేతిలో పడే నగదు, పడకుండా మిగిలే బాకీ, దాన్ని రాబట్టే వసూలు, దుకాణం, కిరాయి, చివరికి రైతు. ఇవన్నీ అరబ్బీ మూలం ఉన్న మాటలు. పారశీకం మీదుగా, ఉర్దూ మీదుగా మన సంతలో దిగి స్థిరపడ్డాయి. బజారు, తరాజు పారశీకం. అయితే బేరం మనది. సరుకూ మనదే. 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చి తెలుగు పట్టుకున్న సి.పి. బ్రౌన్‌కు ఇలాంటి మాటలు ఎన్ని తగిలాయో, వాటికోసమే విడిగా మిశ్రభాషా నిఘంటువు తయారు చేయాల్సి వచ్చింది. 1854లో అది అచ్చయింది. పండితులు పక్కన పెట్టిన మాటలను ఆయన కచేరీల్లో, బజార్లలో ఏరుకున్నాడు.

సంతలో వసూలు చేసే రుసుముకు ఆశీలు అని పేరు. ఇదీ ఆ దారిలో వచ్చిందే. చాలా ఊళ్లలో ఏడాదికోసారి పంచాయతీ సంతను వేలం వేస్తుంది, పాడుకున్నవాడు గంపకింత, జీవానికింత అని ఆశీలు పట్టుకుంటాడు. లక్షల్లో పాట పోయే సంతల్లో కూడా నీడకు ఒక రేకుల షెడ్డు, జీవాలకు ఒక తొట్టి, ఆడవాళ్లకు ఒక మరుగుదొడ్డి కనబడకపోవడం మామూలు. పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఆరు దాకా టమాటా గంప ముందు కూర్చునే మనిషి నీళ్లు తాగకుండా ఎందుకుంటుందో ఆశీలు పుస్తకంలో రాయరు.

ఎండుచేపల గంప

1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు వర్తకుడు డొమింగో పాయెస్ అక్కడి సంతల గురించి రాశాడు. ఒకచోట రోజూ సాయంత్రం సంత, గుర్రాలు, నిమ్మ నారింజ పళ్లు, ద్రాక్ష, కట్టెలు. శుక్రవారం ఇంకో సంత, కోళ్లు, పందులు, సముద్రం నుంచి వచ్చిన ఎండుచేపలు. 1565 తర్వాత ఆ రాజ్యం కొలువు పెనుకొండకు, అంటే మన కరువు గడ్డ మీదికే వచ్చింది. రాజులు పోయారు. ఎండుచేపలు మాత్రం పోలేదు. ఇవాళ్టికీ ఈ ప్రాంతంలో ఏ పల్లె సంతకు వెళ్లినా ఒక మూల కాళ్లు కట్టిన నాటుకోళ్లు, వాటి పక్కన ఎండుచేపల గంప. సముద్రం ఎప్పుడూ చూడని ఊళ్లో అయిదొందల ఏళ్లుగా ఆగని సరుకు అది. ఒక చిన్న చేప, నాలుగు వంకాయలు, ఇంత చింతపండు ఉంటే సంగటిలోకి పులుసు అయిపోతుంది.

ఉప్పూ అట్లాగే వచ్చేది. కోస్తా నుంచి ఉప్పు, ఇక్కడి నుంచి ధాన్యం, మధ్యలో గాడిదలూ ఎద్దులూ. వాటిని తోలింది సుగాలీలు, ఎరుకలవాళ్లలో ఉప్పు కొరచలు. సంత నుంచి సంతకు నడవడమే వాళ్ల బతుకు. 1871 నాటికి మద్రాసు నుంచి రాయచూరుకు రైలుమార్గం తాడిపత్రి, గుత్తి, గుంతకల్లు మీదుగా పడింది. ఉప్పు మీద కంపెనీ నాటి నుంచీ సర్కారు గుత్తాధిపత్యం ఉండనే ఉంది. రెండూ కలిసి ఎద్దు వీపు మీది వ్యాపారాన్ని చంపేశాయి. పని పోయిన మనుషులు తిరగడం మానలేదు. అదే వాళ్ల నేరమైంది. 1911 తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీలో ఎరుకలవాళ్లను నేరస్థ తెగల చట్టం కింద జాబితాల్లోకి ఎక్కించారు. నిన్నటిదాకా సంతకు ఉప్పు తెచ్చినవాడు ఇవాళ సంతకు పోవాలంటే పోలీసుకు చెప్పి పోవాలి. దేశమంతటా ఆ చట్టం పోవడానికి స్వాతంత్ర్యం వచ్చాక అయిదేళ్లు పట్టింది.

రైలు రెండువైపులా నడుస్తుంది, గింజను తేగలదు, తీసుకుపోగలదు కూడా. 1876–78 ధాత కరువులో, అప్పటికి బళ్లారి జిల్లాలో భాగంగా ఉన్న ఈ ప్రాంతం దారుణంగా దెబ్బతింది. 1918లో ధరలు మండినప్పుడు ప్రెసిడెన్సీలో ఎన్నోచోట్ల జనం సంతల మీద, బజార్ల మీద పడి ధాన్యం లూటీ చేశారు. సంతలో గింజ కళ్లెదుట ఉండీ కొనలేకపోవడం కన్నా ఆకలికి పెద్ద కోపం తెప్పించేది ఇంకొకటి లేదనుకుంటాను.

తర్వాతి చట్టాల సంగతి ఎక్కువ చెప్పను. 1966లో మార్కెట్ల చట్టం వచ్చింది, యార్డులు, కమిటీలు వచ్చాయి. 1999 జనవరి 26న రైతుబజార్లు మొదలయ్యాయి. అవి పట్టణాల్లో నిలబడ్డాయి, పల్లె సంత మాత్రం తన దారిన తాను వారానికో చోట గుడ్డ పరుచుకుంటూనే ఉంది.

కరిపులి

హిందూపురం మార్కెట్ యార్డులో సోమ, గురువారాల్లో చింతపండు వేలం. వేసవిలో ఆ యార్డు గేటు దాటగానే నోట్లో నీళ్లూరతాయి, ఆపుకోలేం. సంచులు విప్పి రాశులు పోసి ఉంటాయి. రెండు పేర్లు వినబడతాయి: కరిపులి, ఫ్లవర్. కరిపులి ఖరీదైనది, ఫ్లవర్ దిగువ రకం. రంగు, పీచు, గింజ ఎంత శుభ్రంగా తీశారన్నది చూసి ధర తేలుస్తారు. ఒక్కోసారి రెండింటికీ సగానికి సగం తేడా.

ఆ తేడా చెట్టు మీద కొంత, మిగతాది ఆడవాళ్ల చేతుల మీద ఆధారపడుతుంది. చింతచెట్టు కరువును లెక్కచేయదు. రోడ్ల పక్కన, చేల గట్ల మీద, చెరువు కట్టల మీద, ఎవరూ నీళ్లు పోయకపోయినా కాస్తుంది. జనవరి దాటాక కాయ దులుపుతారు. ఇంటింటి ముందూ అరుగుల మీద కూర్చుని పెంకు వలిచి, కొట్టి, గింజ తీసి, నార లాగుతారు. కిలోకింత కూలి. పొలాల్లో పనిలేని మూడు నెలలూ చాలా ఇళ్లలో ఇదే పొయ్యి వెలిగించేది. చేతివేళ్ల చివర్లు పులుపుకు ఒరుసుకుపోతాయి, అన్నం కలుపుకుంటే కారం మండుతుంది. గింజలు కూడా పారేయరు. వాటి పొడి నూలు బట్టలకు గంజి పెట్టడానికి పోతుంది. ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లి నుంచే మొదలుపెట్టారు. ఆ ప్రభుత్వ పని రావడానికి ఎన్నో ఏళ్ల ముందు నుంచీ ఇక్కడ వేసవి పని అంటే చింతపండే.

లేపాక్షి చూడటానికి వచ్చేవాళ్లు వేలాడే స్తంభం కింద చున్నీ దూర్చి ఫొటో తీసుకుని, నందితో ఇంకొకటి తీసుకుని, మధ్యాహ్నానికల్లా బెంగళూరు దారి పట్టేస్తారు. అక్కడికి హిందూపురం దాదాపు పదిహేను కిలోమీటర్లే. సోమవారమో గురువారమో అయితే యార్డు మీదుగా వెళ్లమని నా సలహా. వేరే రోజైతే ఏ ఊళ్లో సంత ఉందో బస్సు కండక్టర్‌ను అడగండి, వారం వారీగా చెబుతాడు. తొమ్మిది లోపు చేరండి. ఉగ్గాని బజ్జి బండి దగ్గర జనం ఎక్కువున్నచోటే తినండి. బొరుగులు నానీ నానకుండా ఉండాలి, మిరపకాయ బజ్జి వేడిగా ఉండాలి. చలికాలమైతే అనపకాయలు, వానల చివరైతే గుట్టల మీది సీతాఫలాలు. కొసరు అడగడానికి సిగ్గుపడకండి. అడగకపోతే అమ్మే అవ్వకు అనుమానం వస్తుంది. బేరమాడకండని మాత్రం అననులెండి. చీర దుకాణంలో అడిగిన ధర ఇచ్చి, కొత్తిమీర కట్ట దగ్గర గీసి గీసి అడిగేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది, అంతే.

ఒకప్పుడు సంత అంటే ఆట కూడా. మొరాకోలో మరాకెష్ నగరపు జెమా ఎల్ ఫ్నా మైదానాన్ని, అక్కడి కథకుల్నీ పాటగాళ్లనూ 2001లో యునెస్కో గుర్తించింది. మనకు తోలుబొమ్మలు ఉన్నాయి. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో బొమ్మలు చేసేది మేక తోలుతో. శనివారం సంతలో ‘తోలు కూడా రాదు’ అన్న మేకే కొన్నాళ్లకు రాముడో హనుమంతుడో అవుతుంది. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. సంతలో మాత్రం ఇప్పుడు ఆట లేదు. బొమ్మలు దీపపు తొడుగులై బెంగళూరు ఇళ్లకు పోతున్నాయి.

ముబారకియాలో కదిరి

కదిరి నుంచీ రాయచోటి నుంచీ కువైట్‌కు పోయినవాళ్లు లేని వీధి తక్కువ. ఇళ్లలో పనికి పోయిన ఆడవాళ్లే ఎక్కువ. జీవాలమ్మి వీసా కొన్నవాళ్లూ ఉన్నారు. మంద నుంచి విమానం దాకా దారి ఒక శనివారం సంతలోనే మొదలవుతుంది. సెలవు దొరికినవాళ్లకు శుక్రవారం కువైట్ సిటీలో మాలియా, ముర్గాబ్ వీధులే ఊరు. అక్కడ తెలుగు వినబడుతుంది. కొంచెం దూరంలో ముబారకియా అనే పాత సూక్. నూరేళ్లు దాటిన ఆ కప్పు కింది సందుల్లో ఖర్జూరాలు, చేపలు, అత్తరు, బంగారం. నగరం అంచున అల్‌రాయ్‌లో సూక్ అల్ జుమా ఉంది, శుక్రవారం సంత అని దానర్థం.

అక్కడ పళ్లబండి తోసే మనిషిని ‘హమ్మాల్’ అంటుంటే విని నవ్వుకున్నామని తిరిగొచ్చినవాళ్లు చెబుతారు. ఏళ్ల తరబడి ఒక ఇంట్లో ఒక్క తెలుగు మాట లేకుండా పనిచేసిన మనిషికి, తన ఊరి యార్డు మాట అరబ్బు నోట వినబడితే ఎట్లా ఉంటుందో! తిరిగొచ్చేటప్పుడు అక్కడి బంగారం కొంటారు, తులమో రెండు తులాలో. ఇంటికొచ్చాక ఆ బంగారం కుదువ పడుతుంది. దాంతో ఇంటికి స్లాబు పడుతుంది, మిగిలితే నాలుగు గొర్రెపిల్లలు వస్తాయి.

అనంతపురంలో శనివారం పది గంటలకల్లా యార్డు ఖాళీ. అమ్ముడుపోని జీవాలు మళ్లీ ఆటో ఎక్కుతున్నాయి, కాళ్లు పట్టి లాగితే మొండికేస్తూ. టీ అంగడాయన గ్లాసులు కడుగుతున్నాడు. తెల్లారినప్పుడు అడుగు పెట్టడానికి చోటు లేని చోట ఇప్పుడు నేలంతా నల్లటి పెంటికలు. ఒక ముసలాయన యూరియా సంచీ తెచ్చి, వంగి, చేటతో ఎత్తి పోసుకుంటున్నాడు. సంచీ నిండాక భుజానికెత్తుకుని గేటు దగ్గరికొచ్చాడు. రసీదు పుస్తకం పట్టుకుని కూర్చున్న కుర్రాడు తలెత్తి చూశాడు.

‘ఏంప్పా, దీనికి గూడా ఆశీలు కట్టాల్నా?’ అన్నాడు ముసలాయన.

కుర్రాడు ఒక్క క్షణం ఆలోచించాడు.